మే ముప్పై ఒకటిలోగా

ఆ ఏడాది వెల్లుల్లి కాడలు పది రోజులు ముందే వచ్చాయి. ఏప్రిల్ మూడో వారానికే మొక్కల నడుమ నుంచి ఆకుపచ్చ కాడలు మెడ వంచుకుని పైకి లేచాయి. వాటిని లాగెయ్యకపోతే కింద గడ్డ ఊరదు. లాగడం మొదలుపెట్టామంటే మా నామ్‌హే దీవిలో ఆడవాళ్లకు నెల రోజులపాటు నడుము ఎత్తే తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది.

"పట్టా పుచ్చుకున్న మీకు అభినందనలు. చదువుకునే రోజుల్లో మీకిచ్చిన ఈమెయిల్ పెట్టెను మే ముప్పై ఒకటిన మూసివేస్తున్నాం. అందులో దాచుకోవలసినవి ఉంటే ఆలోగా వేరే చిరునామాకు పంపించుకోండి. ఆ తర్వాత తిరిగి తీయడం వీలుపడదు."

చేతి తొడుగు తీసి, గట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. పక్క సాలులో వంగి ఉన్న హాదోంగమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరే, నీ కూతురా?"

"కాలేజీ వాళ్లు, అక్కా."

"పట్టా ఇచ్చేశారుగా, ఇంకేం కావాలంట? పొరపాటున ఇచ్చాం, వెనక్కివ్వమంటున్నారా?"

హాదోంగమ్మ నాకంటే మూడేళ్లు పెద్దది. మా ఊళ్లో కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. ఆవిడ హాదోంగ్ నుంచి వచ్చింది. నేను గోసంగ్ నుంచి వచ్చాను గనక గోసంగమ్మనయ్యాను. టక్ సునిమ్ అన్న నా అసలు పేరు యాభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఒకరి నోట విన్న గుర్తు లేదు. అరవై తొమ్మిదో ఏట వంతెన అవతలి కాలేజీలో చేరాక, పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వినపడితే ఎవరినో అనుకుని ఊరుకునేదాన్ని. వెనక బల్ల మీది పిల్ల పొడిస్తే గాని "ఉన్నానండీ" అనేదాన్ని కాదు.

ఆ పెట్టెలో నలభై ఒక్క ఉత్తరాలున్నాయి. అన్నీ మా ఆయన ప్యో మన్‌సిక్ రాసినవి. పాఠాలకు సంబంధించినవి కూడా చాలా ఉన్నాయి గాని అవి పోయినా నాకు బాధ లేదు.

నేను కాలేజీలో చేరడానికి రెండు నెలల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. వృద్ధుల ఆసుపత్రిలో చేర్చాం. అవి మహమ్మారి రోజులు, ఎవరినీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. మాట లేని మనిషికి ఫోను చేసి ఏం లాభం? మూడో వార్డు నర్సులు తమ ట్యాబ్ ఒకటి ఆయన మంచం దగ్గర పెట్టారు. ఆయన ఎడమ చేతి వేలితో ఒక్కో అక్షరం నొక్కి, వార్డు చిరునామా నుంచి నా కాలేజీ చిరునామాకు రాసేవారు. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట, ఊరి సమావేశ మందిరంలో వారానికి రెండు పూటలు జరిగే తరగతిలో. అప్పటినుంచి పరీక్ష మీద పరీక్ష రాసుకుంటూ పోయానే గాని, ఆయనకు ఉత్తరం రాయాలని ఎన్నడూ తోచలేదు. ఒకే బల్ల ముందు కూర్చుని తినేవాళ్లకు ఉత్తరాలెందుకు? అలా నలభై ఎనిమిదేళ్ల కాపురంలో మేము రాసుకున్నది ఏడు నెలలు.

నలభయ్యింటికి జవాబిచ్చాను. నలభై ఒకటోది అక్టోబరులో వచ్చింది. దానికి తొమ్మిది రోజులు జవాబివ్వలేదు. తొమ్మిదో రోజున ఫోనులో కొట్టడం మొదలుపెట్టాను, సగంలో ఆగింది. ఆ రోజే ఆయన పోయారు. నా సగం జవాబు కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఆ ఉత్తరంలో ఉన్న సంగతి నాకూ ఆయనకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదని అప్పటికి నా పట్టుదల.

*

కాలేజీ ఆఫీసుకు ఫోను చేస్తే, ఏదైనా మెయిల్ కంపెనీలో కొత్త పెట్టె తెరుచుకోండి, అయిదు నిమిషాల పని అన్నారు. మర్నాడు మధ్యాహ్నం హాదోంగమ్మ చేలో పనికి వెళ్లినప్పుడు, భోజనాల వేళ ఆ అయిదు నిమిషాల పని మొదలుపెట్టాను. మా ఊళ్లో కూలికి మనుషులు దొరకరు. ఒకరి చేలో ఒకరం బదులు పని చేసుకుంటాం. ఎవరి చేలో పనైతే అన్నం వాళ్లది. ఆవిడ నెత్తళ్ల చేపలు కారంగా ఉడికించి తెచ్చింది. లెట్యూస్ ఆకులో అన్నం, నెత్తళ్లు, పచ్చి వెల్లుల్లి కాడ ముక్క పెట్టుకుని చుట్టి ఒకటి నోట్లో వేసుకుని, ఫోనులో పేరు కొట్టాను. పుట్టిన తేదీ కొట్టాను. ఫోను నంబరు కొట్టాను.

"మీరిచ్చిన పేరు, ఈ ఫోను సొంతదారు పేరు ఒకటి కావు" అని వచ్చింది.

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

"ఏమంటుందే?" హాదోంగమ్మ తొంగిచూసింది.

"నా పేరు కాదంటుంది."

"రెండేళ్లు కాలేజీలో పిలిపించుకున్న పేరేగా? నీకే సరిపోవడం లేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫోను ఆయన కొన్నది. పదేళ్ల కిందట సంతకు వెళ్లినప్పుడు కొట్టులో ఆయన పేరు మీదే తీసుకుని, తెచ్చి నా చేతిలో పెట్టారు. మా వయసు ఆడవాళ్లలో సగం మంది ఫోన్లు మొగుళ్ల పేరు మీదో కొడుకుల పేరు మీదో ఉంటాయి. ఎవరం పట్టించుకోం. ఆయన పోయాక కూడా నేను మార్చలేదు. నెలనెలా ఇరవై అయిదో తేదీన "ప్యో మన్‌సిక్ గారూ, ఈ నెల మా సేవలు వాడుకున్నందుకు కృతజ్ఞతలు" అని సందేశం వచ్చేది. అది వచ్చిన రోజు రెండుసార్లు చదివేదాన్ని.

"అయితే ఆయన పేరు కొట్టు," అంది హాదోంగమ్మ. "పోయినాయన వచ్చి నిన్నేమైనా అంటాడా?"

ఆయన పేరు కొట్టాను. ఆయన పుట్టిన తేదీ కొట్టాను. ఫోను వెంటనే మోగి ఆరు అంకెలు వచ్చాయి. వాటిని మూడు నిమిషాల్లో కొట్టమంది.

"అదిగో, వచ్చేసింది. కొట్టేసెయ్. అన్నం చల్లారిపోతోంది."

నేను ఆ అంకెలను చూస్తూ కూర్చున్నాను. తెర మీద మూడు నిమిషాలు కిందికి దిగుతున్నాయి. ఆ అంకెలు కొడితే ప్యో మన్‌సిక్ పేరు మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఆయన నాకు రాసినవన్నీ తీసుకెళ్లి ఆయన పెట్టెలోనే వెయ్యాలి. ఆయన రాసిన ఉత్తరాలు విప్పకుండా ఆయనకే తిరగ్గొట్టినట్టుంటుంది.

"కొట్టవేం? చెయ్యి నొప్పా?"

"వద్దులే అక్కా."

సమయం అయిపోయిందని వచ్చింది. హాదోంగమ్మ ఇంకో ఆకులో అన్నం చుట్టి నా నోటి దగ్గర పెట్టింది.

"చదువుకున్నవాళ్లతో ఇదే తంటా. దారి కనపడినా నడవరు," అంది.

*

ఆ వారం నేను వేరే దారులన్నీ చూశాను. కాగితం మీద ఎక్కించుకుందామని మంచి నోటుపుస్తకం కొని, పొద్దున్నే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఆరో ఉత్తరం దగ్గర ఆపేశాను. నా చేతిరాతలో ఆయన మాటలు వంటల పుస్తకంలో దించుకున్నట్టున్నాయి. ఆయన ఒక్కో వాక్యం తర్వాత పొరపాటున రెండు మూడు ఖాళీలు వదిలేవారు. ఎడమ చెయ్యి అలవాటు లేక అలా పడేవి. నేను రాస్తే అవి పోతున్నాయి. ఊరి సమావేశ మందిరంలో అచ్చు తీసే యంత్రం ఉంది గాని, అది ఊరిపెద్ద బల్ల పక్కనే ఉంటుంది. కాగితం బయటికొచ్చేలోపు అక్కడున్న నలుగురూ చదివేస్తారు.

కూతురు హ్యేరన్ బుసాన్ పట్నంలో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఆదివారం ఫోను చేసినప్పుడు సంగతి చెప్పాను.

"ఇంతేనా? నా పేరు మీద ఒకటి తీస్తానమ్మా. నీ పాస్‌వర్డ్ చెప్పు, అన్నీ నేనే లాగేస్తాను. నువ్వు కాడలు లాగుకో."

"నీ పేరు మీద వద్దు."

"ఎందుకు వద్దు?"

"నా పేరు మీదే ఉండాలి."

"అలా కావాలంటే ముందు ఫోను నీ పేరు మీదకి మారాలి. దానికి నాన్న పోయినట్టు ఫోను కంపెనీకి చూపించాలి. కాగితాలు కావాలి, నా సంతకం కావాలి. ఇదంతా ఇప్పుడు అవసరమా? మే నెలలో?"

"మే ముప్పై ఒకటి వరకే గడువు."

హ్యేరన్ క్యాలెండరు తిప్పి చూసుకున్న చప్పుడైంది. తర్వాత, "పదమూడో తారీకు శనివారం వస్తాను," అంది. "కాడలు లాగిపెట్టమని మాత్రం అడక్కు, నా నడుం బాగాలేదు."

శనివారం పొద్దున బస్సు దిగి, ఆ నడుముతోనే నా చేలో రెండు సాళ్లు లాగింది. మేము కాడ మొదట్లో పిడి పెట్టిన సూదితో గుచ్చి, మెల్లిగా పైకి లాగుతాం. సరిగా గుచ్చితే టప్పుమని నిండుగా ఊడివస్తుంది. హ్యేరన్‌కు చిన్నప్పటి నుంచీ ఆ చెయ్యి ఉంది. "వీళ్ల నాన్న పోలిక," అనేది హాదోంగమ్మ. "గోసంగమ్మ ఇప్పటికీ సగంలో తెంపుతుంది."

మధ్యాహ్నం ఇద్దరం బజారుకు వెళ్లాం. ప్రభుత్వ కార్యాలయంలో తీసుకున్న కుటుంబ పత్రం నా సంచిలో ఉంది. అందులో ఆయన పేరు పక్కన చిన్న పెట్టెలో 'మృతి' అని ఉంది. ఫోను కొట్టు నడిపేది నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు తల మీదికి తోసుకుని ఉంది. కాగితాలు చూసింది.

"ఈయన పోయి ఏడాదిన్నర దాటిందండీ. ఇన్నాళ్లూ రాలేదేం?"

"పొలం పనులు," అన్నాను.

"సరేలెండి, అందరూ ఇంతే. మొన్న ఒకావిడ ఎనిమిదేళ్లకు వచ్చింది." కంప్యూటర్ వైపు తిరిగింది. "కొత్త సొంతదారు పేరు?"

"నా పేరు మీద పెట్టండి," అంది హ్యేరన్. "మా ఇంటివాళ్లందరివీ ఒకే పథకంలో ఉన్నాయి, అమ్మదీ అందులో కలిపేస్తే..."

"టక్ సునిమ్," అన్నాను.

కొట్టావిడ హ్యేరన్ వైపు చూసింది. హ్యేరన్ నా వైపు చూసింది.

"టక్ సునిమ్," మళ్లీ అన్నాను. "నా గుర్తింపు కార్డు ఇదిగోండి."

కొట్టావిడ కార్డు తీసుకుని పేరు ఎక్కించింది. సంతకాల కాగితం నా ముందు పెట్టి, ఎక్కడ చెయ్యాలో పెన్సిలుతో గుర్తులు పెట్టింది. నాలుగు చోట్ల నేను, ఒక చోట హ్యేరన్ చేశాం. హ్యేరన్ గబగబా గీకేసి పెన్ను కింద పెట్టింది. నాకు కొంత సేపు పట్టింది.

"అయిపోయిందండీ. నంబరు పాతదే. ఇరవై అయిదో తేదీన వచ్చే బిల్లు సందేశం ఈసారి మీ పేరుతో వస్తుంది," అంది కొట్టావిడ.

"ఈ నెల నుంచేనా?"

"ఈ నెల నుంచే."

సరేనన్నాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు హ్యేరన్ రోడ్డు వైపు తిరిగింది. "నన్ను నమ్మవా అమ్మా?" అంది.

"నమ్మకం సంగతి కాదు."

"మరి? నేను చదివేస్తాననా? చదివితే ఏమవుతుంది? మా నాన్నే కదా."

"అవి నాకు రాసినవి."

"తెలుసు నీకు రాసినవని." గొంతు తగ్గించింది. "నాకు ఒక్కటీ రాయలేదు నాన్న. నా చిరునామా ఆ నర్సులకు మూడుసార్లు ఇచ్చాను. ఏడు నెలల్లో ఒక్కటి రాలేదు."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నలభై ఒకటి నాకు రాసిన మనిషి కూతురికి నాలుగైనా రాసి ఉంటాడనుకున్నాను. అడగాలని తోచలేదు. బస్సు వచ్చింది. ఎక్కాక కిటికీ వైపు సీటు నాకు వదిలి, హ్యేరన్ నా సంచి తన ఒళ్లో పెట్టుకుంది.

*

కొత్త పెట్టె తెరవడం నిజంగానే అయిదు నిమిషాల పని. ఉత్తరాలు తరలించడానికి ఇరవై నాలుగు గంటలు కనిపెట్టుకుని కూర్చుంటే అన్నీ ఒకేసారి వచ్చే పద్ధతి ఒకటి ఉందని తర్వాత విన్నాను. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఒక్కో ఉత్తరం తెరిచి, ఫార్వర్డ్ నొక్కి, నా కొత్త చిరునామా కొట్టి పంపడం. కాడలు లాగడం అయిపోయి, గడ్డలు తవ్వడం మొదలైన రోజులవి. పొద్దున పొలానికి వెళ్లే ముందు మూడు, మధ్యాహ్నం అన్నం తిన్నాక మూడు పంపేదాన్ని. పంపే ముందు చదివేదాన్ని. చదవకుండా పంపడం నా వల్ల కాలేదు.

చాలావాటిలో విశేషమేమీ ఉండదు. 'ఇవాళ గంజి పలచగా ఉంది. కిటికీలోంచి ఒక కొంగ కనపడింది. పక్క మంచం ఆయనను తీసుకెళ్లిపోయారు. వెల్లుల్లి ఎండలో ఎక్కువసేపు ఉంచకు. నీ పరీక్ష ఎలా రాశావు.' అన్నీ 'సునిమ్‌కు' అని మొదలవుతాయి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన నన్ను 'హ్యేరన్ అమ్మా' అనేవారు. ఉత్తరంలో అలా రాస్తే బాగుండదనుకున్నారేమో.

అవతల పెట్టెలో అవి చేరిన తీరు చూస్తే నవ్వొచ్చింది. అన్నిటికీ ఆ వారం తేదీలే పడ్డాయి. పంపినవారు టక్ సునిమ్, అందుకున్నవారు టక్ సునిమ్. హాదోంగమ్మకు చూపిస్తే, "ఒక్కదానివే ఉంటే ఇలాగే తయారవుతావు," అంది.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నానికి నలభై అయ్యాయి. ముప్పై ఒకటో తేదీ పొద్దున, వాన పడేలా ఉందని హాదోంగమ్మ తొందరపెడుతున్నా, ఇంట్లోనే ఉండి నలభై ఒకటోది తెరిచాను.

'సునిమ్‌కు. ఇవాళ ఎడమ చెయ్యి కూడా నొప్పిగా ఉంది. అయినా ఇది రాయాలి. హ్యేరన్ పుట్టిన మరుసటేడు ఊళ్లో రాత్రి బడి పెట్టారు. నువ్వు వెళ్తానన్నావు. నేను కనుక్కుని వస్తానని వెళ్లి, బడి నిండిపోయింది, ఇంక చేర్చుకోరు అన్నాను. నిండలేదు. నేను ఆ గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. సముద్రం దాకా నడిచి తిరిగొచ్చాను. నీకు చదవడం వస్తే ఇక నేను నీకు దేనికి పనికొస్తాను అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నువ్వు చదవగలవు గనక రాస్తున్నాను. మన్‌సిక్.'

నాకు అది కొత్త సంగతి కాదు. ఆ రాత్రి బడికి హాదోంగమ్మ వెళ్లింది. మర్నాడు నెత్తళ్లు ఆరబోసే చోట కలిసి, "ఏడుగురమే ఉన్నామే, నువ్వూ రా," అంది. పొలంలో పని ఉందన్నాను. ఆయనను అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం ఆడవలసి వచ్చేది పాపం. నలభై నాలుగేళ్లు నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అందుకే తొమ్మిది రోజులు పట్టింది. నాకు ముందే తెలుసని రాస్తే, ఇన్నేళ్లూ తెలిసే తన ముఖం చూస్తూ కూర్చున్నానని ఆయనకు తెలుస్తుంది. తెలియదని రాస్తే అది నేనాడే అబద్ధం. అక్షరాల తరగతిలో మా టీచరు నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు పెన్సిలుతో రాయాలి, మూడుసార్లు పైకి చదువుకోవాలి, దిద్దాలి, తర్వాతే మంచి ప్రతి రాయాలి. నేను పెన్సిలుతో రాశాను, చదివాను, దిద్దాను. మళ్లీ రాశాను. ఎనిమిది రోజులు అలాగే దిద్దాను. అవతల ఆయన రోజూ ట్యాబ్ తెరిచి చూసుకుంటున్నారని నాకు తెలుసు. మంచి ప్రతి పంపాలని నా తాపత్రయం. 'నాలుగు రోజుల్లో రాస్తాను' అని ఒక్క ముక్క పంపి ఉండవచ్చు. అది నాకు తోచలేదు.

నలభై ఒకటోది ఫార్వర్డ్ చేశాను. చేరింది. ఇక నా సగం జవాబు మిగిలింది. దాన్ని తెరిచి ఫార్వర్డ్ కోసం వెతికాను. లేదు. పైనా కిందా చూశాను. పూర్తికాని ఉత్తరానికి రెండే ఉన్నాయి: పంపు, తొలగించు.

పూర్తిచేసి పంపుదామని ఒకసారి అనుకున్నాను. ఆగిన చోట వేలు పెట్టి కూర్చున్నాను. ఏడాదిన్నర కిందటి మనిషికి రాయవలసిన మాటలు ఇప్పుడు నేనెలా రాస్తాను? ఒక్క అక్షరం కలపలేదు, ఒక్కటి తీయలేదు. అందుకునేవారి గడిలో మూడో వార్డు చిరునామా అలాగే ఉంది. దాన్ని చెరపబుద్ధి కాలేదు. దాని పక్కన నా కొత్త చిరునామా కూడా చేర్చాను. పంపు నొక్కాను.

నిమిషంలో రెండు కబుర్లు వచ్చాయి. మూడో వార్డుకు పంపినది తిరిగొచ్చింది, అలాంటి చిరునామా ఇప్పుడు లేదట. నాకు పంపినది నాకు చేరింది.

తొడుగులు వేసుకుని పొలానికి వెళ్లాను. హాదోంగమ్మ అప్పటికే ఒక సాలు తవ్వేసింది. "అయిందా?" అంది. "అయింది," అన్నాను. మర్నాడు పాత పెట్టె తెరవబోతే ఆ పేరుతో ఎవరూ లేరని వచ్చింది.

*

జూన్ మొదటి వారాంతంలో హ్యేరన్ మళ్లీ వచ్చింది. తవ్విన వెల్లుల్లిని యాభై గడ్డలకొక కట్టగా కట్టి గాలికి వేలాడదీయాలి. నీడపట్టున చాప పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం. నేను గడ్డలు లెక్కపెట్టి అందిస్తున్నాను, తను కడుతోంది. నడుము గురించి, డాక్టరు దగ్గరికొచ్చే ముసలాళ్ల గురించి చెప్పింది. ఉత్తరాల మాట ఎత్తలేదు. బస్సు దగ్గర అన్నదానికి తనే నొచ్చుకుంటున్నట్టుంది.

"పెట్టె బాగానే ఉందా?" అంది ఎప్పటికో, కట్ట వైపే చూస్తూ.

"బాగానే ఉంది. అన్నీ వచ్చాయి."

"మంచిది."

ఇంకో రెండు కట్టలు అయ్యాయి. నేను చేతులు దులుపుకుని, జేబులోంచి ఫోను తీసి నలభై ఒకటోది తెరిచి తన ముందుకు చాపాను.

"చదువు."

హ్యేరన్ ఫోను వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. మోచేతుల దాకా మట్టి, వేళ్ల మధ్య సగం బిగించిన తాడు.

"వదిలేస్తే కట్ట ఊడిపోతుంది. నువ్వే చదువమ్మా."

నేను చదివాను. సముద్రం దాకా నడిచి వచ్చిన చోట హ్యేరన్ చేతులు ఆగాయి. నేను ఆగలేదు. చివర ఆయన పేరు దాకా చదివాను.

"నీకు తెలుసా ఇది?" అంది.

"మర్నాడే తెలుసు."

"నాన్నకు చెప్పలేదా, తెలుసని?"

"రాయడం మొదలుపెట్టాను. సగమే ఉంది."

"ఉన్నంతవరకు చదువు."

రెండోది తెరిచాను. దాన్ని ఎన్నడూ పైకి చదవలేదు.

'మీ ఉత్తరం అందింది. చెయ్యి నొప్పి తగ్గిందా. బడి నిండలేదని నాకు మర్నాడే తెలిసింది. హాదోంగక్క చెప్పింది. మిమ్మల్ని అడగలేదు. కోపం వచ్చింది. కొన్నాళ్లు ఉంది. ఎప్పుడు పోయిందో గుర్తు లేదు, హ్యేరన్‌కు నడక రాకముందే పోయింది. దేనికి పనికొస్తానని అనుకున్నానన్నారు. బస్సు మీద ఊరి పేరు ఇప్పుడు నేనే చదువుకుంటున్నాను. కాని బస్సు రాగానే మీరు నా భుజం మీద తట్టేవారు. అది చదివితే వచ్చేది కాదు. ఇప్పుడు బస్టాండులో అందరికంటే ముందు లేచి నిలబడుతున్నాను, తప్పిపోతుందేమోనని. మీరు ఇంటికి వచ్చాక'

ఆపాను.

"తర్వాత?"

"అంతే. అక్కడ ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది."

హ్యేరన్ కట్ట వైపు చూస్తూ ఉంది. తాడు ఇంకా సగం బిగించే ఉంది.

"అయితే నీకు కోపం లేదని నాన్నకు తెలియలేదన్నమాట."

"తెలియలేదు."

ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. హ్యేరన్ తాడు లాగి ముడి వేసింది. కట్టను పక్కన పెట్టి, లెక్క నా వంతైనా తనే వంగి కొత్త గడ్డలు ఏరుకుంది. పది, ఇరవై, ముప్పై దాకా లెక్కపెట్టింది.

"నాకు పంపుతావా అమ్మా?" అంది. "రెండూ."

"అందులో నీ పేరు ఒక్కో చోటే ఉంది."

"అదే చాలు."

తన చిరునామా ఒక్కో అక్షరం చెప్పింది, నేను ఒక్కో అక్షరం కొట్టాను. ముందు ఆయనది, తర్వాత నాది పంపాను. లోపల సంచిలో ఉన్న తన ఫోను రెండుసార్లు మోగింది. హ్యేరన్ లేచి వెళ్లలేదు. చేతులు కడుక్కున్నాక చూసుకుంటానంది. ఇంకా పదకొండు కట్టలు కట్టవలసి ఉంది.